ఎవరి తాలూకమ్మా?

మా అమ్మాయికి ఇన్‌స్టాగ్రామ్‌లో రెండు అకౌంట్లు. డాలస్ స్నేహితులు చూసేదాంట్లో పేరు పొట్టిది, వాళ్ళ నోరు తిరిగేది. బంధువులకని పెట్టినదాంట్లో పూర్తి పేరు, పక్కన కొబ్బరిచెట్టు, 'పక్కా కోనసీమ పిల్ల' అన్న ముక్క. పుట్టిందీ పెరిగిందీ టెక్సాస్‌లో. "ఇదేం అబద్ధమే?" అంటారు మా ఆయన. ఆయన ఫేస్‌బుక్‌లో మాత్రం ఇప్పటికీ తూర్పు గోదావరి జిల్లాయే. 2022 ఏప్రిల్‌లోనే అమలాపురం కేంద్రంగా కోనసీమ వేరే జిల్లా అయిందని చెబితే, "నేను పుట్టిన జిల్లా నా ఇష్టం" అంటారు.

ఇన్‌స్టాగ్రామ్ వాళ్ళు 2024 నుంచి టీనేజీ పిల్లల అకౌంట్లకి ప్రత్యేకంగా కట్టుదిట్టాలు పెట్టారు. పదహారు నిండనివాళ్ళు వాటిని సడలించుకోవాలంటే ఇంట్లో పెద్దలు ఒప్పుకోవాలి. మంచిదే. కానీ నా గొడవ అది కాదు.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళాం. ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే పదకొండు ఊళ్ళ శివుళ్ళని నిలబెట్టి మోసుకొచ్చే ఎత్తైన అలంకారపు చట్రాలు, వచ్చే తోట. చేలకి అడ్డంపడి, కౌశిక నీళ్ళలో దిగి భుజాల మీద ప్రభ వస్తుంటే ఒళ్ళు జలదరిస్తుంది. మాది లంగావోణీలో ఉంది. అమలాపురంలో చదివే మా తమ్ముడి కూతురు జీన్సులో. ఇది "ఆయ్" అంటూ రీలు చేస్తుంటే, అది అమెరికా యాసలో మాట్లాడుతూ తీస్తోంది! ఇంతలో ఒక ముసలావిడ ఆగి, "ఎవరి తాలూకమ్మా?" అంది. మాది పేరు చెప్పింది. "పేరు కాదే తల్లీ, ఎవరి తాలూకు?" తాతగారి పేరు చెప్పాకే ఆవిడ మొహం విప్పారింది. "నాయనమ్మ పోలికే, ఆ ముక్కు చూడు!"

మా అమ్మాయి పొంగిపోయింది. మేనకోడలు మాత్రం మొహం చిట్లించింది. రోజూ బస్సు దిగిన దగ్గర్నుంచీ దానికి ఇదే ప్రశ్న. ఎవరితో మాట్లాడినా సాయంత్రానికి ఇంట్లో తెలిసిపోతుంది. ఫలానావారి అమ్మాయి కాకుండా కాసేపు ఉండే చోటు దానికి ఫోనొక్కటే. మా దానికి వేషంలా ఉన్న ఊరు దానికి కాపలా. ఇద్దరిలో ఎవరిది అబద్ధమో మా ఆయన్నే తేల్చమనండి.

నాకు నచ్చనిది ఒకటుంది: ఆన్‌లైన్‌ గోదావరి అంటే పూతరేకులూ పచ్చని చేలూ మాత్రమే కావడం. అదే పచ్చని చేలల్లో గిట్టుబాటు కాక 2011లో కోనసీమ రైతులు సార్వా, అంటే వానాకాలం వరి, వెయ్యకుండా పంట విరామం ప్రకటించారు. గోదారి పొంగితే ఏటి మధ్యనున్న లంక ఊళ్ళవాళ్ళకి పడవే దారి. మాది చేల రీలుకి 'స్వర్గం' అని పెట్టింది. కింద మేనకోడలు రాసింది: "వరదల్లో రావే, స్వర్గంలో మోకాలిలోతు నీళ్ళుంటాయి."

మా అమ్మాయి దాన్ని పోయినేటి వరద వీడియో పంపమంది. వచ్చాక పెట్టింది బంధువుల అకౌంట్లో కాదు, డాలస్ పిల్లలు చూసేదాంట్లో.