లోపల మంటా, బయట మంటా?

మొదటిసారి మూత్రంలో మంట వచ్చినప్పుడు అది నిజంగా యూరిన్ ఇన్ఫెక్షనే. మాటిమాటికీ వెళ్లాలనిపించేది, వెళ్తే నాలుగు చుక్కలు, చివర్లో పొత్తికడుపు పిండేసినట్టు నొప్పి. కల్చర్‌లో, అంటే మూత్రంలో సూక్ష్మజీవుల్ని పెంచి చూసే పరీక్షలో, ఈ.కోలై అనే బ్యాక్టీరియా అని వచ్చింది. యాంటీబయాటిక్ మాత్రలు మొదలుపెట్టిన మూడో రోజుకే హాయిగా ఉందని మిగతావి డబ్బాలో పడేశాను.

రెండు నెలలకు మళ్లీ మంట. ఇంకేముంది, అదే అయ్యుంటుందని డబ్బాలోని మాత్రలు మింగాను. తగ్గకపోగా దురద తోడైంది. సిగ్గుతో ఇంకో వారం ఓర్చుకున్నాను. బాత్రూమ్‌కి వెళ్లాలంటే భయమేసి నీళ్లు కూడా తగ్గించాను. అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు, మూత్రం చిక్కబడి మరింత చుర్రుమనేది.

గైనకాలజిస్టు మొదట అడిగింది ఒకటే. "మంట లోపలి నుంచి వస్తోందా, మూత్రం బయట చర్మానికి తగిలినప్పుడా?" ఇన్నాళ్లూ నేను గమనించనే లేదు. ఆలోచిస్తే, బయటే. లోపలైతే మూత్రాశయం, మూత్రనాళం వైపు అనుమానం, బయటైతే యోనిలో ఇన్ఫెక్షనో, చర్మం రేగడమో కావచ్చన్నారావిడ. తెల్లబట్ట, నెలసరి, జ్వరం, కొత్త సబ్బులు, అన్నీ అడిగారు. లైంగిక సంబంధాల గురించి అడిగితే ముడుచుకుపోయాను. క్లమీడియా, గనేరియా, హెర్పిస్ లాంటి సుఖవ్యాధుల వల్లా ఇదే మంట వస్తుందని చెప్పాక నోరు విప్పాను.

శాంపిల్ ఇవ్వడం కూడా అప్పుడే నేర్చుకున్నాను. మొదటి ధార వదిలేసి, మధ్యలోది సీసాలో పట్టాలి, సీసా లోపల వేలు తగలకూడదు. అంతకుముందు నేను మొదటి చుక్క నుంచే నింపేదాన్ని!

రెండు రోజులకు కల్చర్ రిపోర్టు వచ్చింది, బ్యాక్టీరియా లేదు. యోనిలోంచి దూదిపుల్లతో తీసిన స్వాబ్‌లో మాత్రం క్యాండిడా ఫంగస్ కనిపించింది. దాన్ని అదుపులో ఉంచే మంచి బ్యాక్టీరియాను నా సొంత వైద్యమే చంపి ఉంటుందట. దానికి తోడు నేను వాడే సువాసన వాష్. అది మానేసి, ఫంగస్ మందు వాడితే వారంలో నెమ్మదించింది. చలిజ్వరం, పక్కటెముకల కింద వెనకవైపు నొప్పి, వాంతులు ఉంటే మాత్రం కిడ్నీకి పాకిందేమోనని వెంటనే రమ్మన్నారు. గర్భిణులైతే మంట ఒక్కటున్నా ఆగకూడదట.

ఇదంతా అమ్మకు చెబితే, "నాకూ ఏడాదిగా మంటేనే" అంది తాపీగా. ఆవిడకు నెలసరి ఆగి ఆరేళ్లు. ఈస్ట్రోజెన్ హార్మోన్ తగ్గి అక్కడి పొర పలచబడినా ఇలా ఉంటుందని డాక్టరు అన్నారు. అమ్మ కల్చర్ రిపోర్టు రేపు వస్తుంది.