ఉయ్యాల కింద నేల

న్యూజెర్సీలో మా పెరటి వెనకంతా అడవి. జింకలు వస్తాయి, వాటితో పిడుదులూ వస్తాయి. లైమ్ జబ్బు అంటించే పిడుదు పిల్ల గసగసాల గింజంత ఉంటుంది, కంటికి ఆనదు. అందుకే సీడీసీ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) వాళ్లు చెప్పినట్టు గడ్డికీ అడవికీ మధ్య 3 అడుగుల వెడల్పున చెక్కముక్కలు పరిపించాం. ఉయ్యాల కిందా అవే. ఆట అయ్యాక మోకాళ్ల వెనక, చెవుల వెనక, జుట్టులో వెతకడం మా ఇంట్లో పళ్లు తోముకోవడం లాంటిదే.

కిందటేడు జూన్‌లో అంబాజీపేట దగ్గర మా ఊరు వెళ్లాం. మొదటిరోజు సాయంత్రమే మా చిన్నాడు చొక్కా విప్పి, చేతులు చాపి అమ్మమ్మ ముందు నిలబడ్డాడు, "చెక్ చెయ్యి" అంటూ.

"ఏం చూడాలే వీడికి?" అంది అమ్మ.

చెప్పాను. నవ్వుతుందనుకుంటే, "ఇంత భయంతో పెంచుతున్నారా పిల్లల్ని?" అంది. మనసు చివుక్కుమంది.

ఆ ఉక్రోషంతోనే కాబోలు, మామిడిచెట్టు ఉయ్యాల కింద ఒట్టి మట్టి చూసి, పడితే దెబ్బలు తగలవా అని మొదలుపెట్టా. కోనసీమలో కొబ్బరి పొట్టుకు కొదవా? ఎన్నాళ్లనుంచో కుప్పగా పడున్న పాత పొట్టు ఒక ట్రక్కు తెప్పించి, జానెడు మందాన పరిపించా. అమ్మ ఏమీ అనలేదు. అప్పుడే అనుమానించాల్సింది.

వారం ముసురు పట్టింది. పొట్టు పీల్చిన నీళ్లు వదల్లేదు. కింద జెర్రులు చేరాయి. పారతో తిరగేస్తే బొటనవేలంత లావు తెల్ల పురుగులు, వంకీలు తిరిగి. కాయ దింపుకి వచ్చినతను చూసి, "ఇయ్యి కొమ్ము పురుగు పిల్లలండి. పెద్దయ్యాక చెట్టు మొవ్వు తొలిచేత్తాయి, తీయించేయండి" అన్నాడు. పిల్లల్ని కుట్టవు గానీ, ఇరవై కొబ్బరిచెట్ల మధ్య వాటిని నేనే తెచ్చి పెంచుతున్నానన్నమాట.

పొట్టంతా ఎత్తించాక అమ్మ నోరు విప్పింది. "నేల కనపడాలే. కనపడితే జెర్రి ఎటు పోతోందో తెలుస్తుంది." రోజూ తెల్లారకుండా ఊడ్చి కళ్లాపి చల్లడం ఇందుకా! పేడనీళ్లకే పురుగులు చస్తాయని నేననను, ఆ ఊడవడంలోనే ఉంది సంగతి. అక్కడ ఎండిన చెక్కముక్కలు దాటడం పిడుదులకి కష్టం. ఇక్కడ వానాకాలంలో కాలవ పక్క నేల మీద ఏది కప్పినా కింద చెమ్మే. చివరికి ఉయ్యాల కింద మాత్రం ఇటుకలు పేర్చి గోదావరి ఇసుక పోయించాం. అమ్మ ఒప్పుకుంది.

అమ్మ టెన్షన్ అంతా దోమల గురించి. డెంగీ దోమ పగలే కుడుతుంది, కొబ్బరి చిప్పలో నిలిచిన నీళ్లు చాలు దానికి. గుడ్డు దోమ కావడానికి వారం, పదిరోజులు. అందుకే శుక్రవారం శుక్రవారం పిల్లలిద్దరికీ చిప్పలు, బొండాలు, బకెట్లు బోర్లించే పని పెట్టింది. మా పెద్దది లెక్క రాసేది కూడా. ఒకరోజు నలభై ఒకటి.

మొన్న ఫోన్ చేస్తే అమ్మ విసుక్కుంది, ఇసుకలో పక్కింటి పిల్లి కాపరం పెట్టిందట. రాత్రిళ్లు టార్పాలిన్ కప్పమన్నా. "కప్పమని మళ్లీ మొదలెట్టావూ?" అంది.