రెండో పేరు రాసే చోటు

2020 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో డెమొక్రాటిక్ ప్రైమరీకి, అంటే ఆ పార్టీ తరఫున అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికకు, ముందస్తు ఓటు వేశాను. అమెరికా పౌరసత్వం వచ్చాక అధ్యక్ష ఎన్నికల్లో నా మొదటి ఓటు అది. బ్యాలెట్ నిండా పేర్లే. అప్పటికే తప్పుకున్నవారి పేర్లు కూడా అలాగే ఉన్నాయి.

అంతకుముందు జూన్‌లో మయామీలో జరిగిన అభ్యర్థుల తొలి చర్చలో 20 మంది ఉండటంతో దాన్ని రెండు రాత్రులకు విడదీశారు. రెండు రాత్రులూ టీవీ ముందు నుంచి కదలకుండా విని, రాసుకుని, నెలల తరబడి ఆలోచించి ఒకరిని ఎంచుకున్నాను. మార్చి 3న పోలింగు. దానికి ముందే ఆ అభ్యర్థి పోటీ నుంచి తప్పుకున్నారు. వేసిన ఓటు వెనక్కి రాదు. చాలా బాధపడ్డాను.

పోటీదారులు ఎక్కువైతే ఓట్లు చీలడం కూడా కళ్లారా చూశాం. 2016లో రిపబ్లికన్ పార్టీలో ప్రధాన అభ్యర్థులే 17 మంది. దక్షిణ కెరొలైనా రాష్ట్ర ప్రైమరీ వచ్చేసరికి ఆరుగురు మిగిలారు. అక్కడ మూడింట ఒక వంతుకు కాస్త తక్కువ ఓట్లతోనే ట్రంప్ ఆ రాష్ట్రానికున్న మొత్తం 50 మంది డెలిగేట్లనూ (పార్టీ అభ్యర్థిని ఖరారు చేసే ప్రతినిధులు) గెలుచుకున్నారు.

2020లోనే అలాస్కా, కాన్సస్ డెమొక్రాట్లు తమ ఓటర్లను రెండో, మూడో ఎంపికలూ రాయనిచ్చారు. మొదటి ఎంపిక నిలవకపోతే ఓటు తరువాతి పేరుకు వెళ్తుంది. నా మనసులోనూ రెండో పేరు ఉంది. టెక్సాస్ బ్యాలెట్‌లో దానికి చోటు లేదు.