పది చేతుల రాకాసి, నలుగురు వీరులు: నా తొలి కామిక్

మొదటి పదకొండు పేజీలు చించి పారేశాక గానీ నాకు అసలు కథ దొరకలేదు.

సముద్రంలోంచి ఒక భయంకరమైన ప్రాణి వస్తుంది, సూపర్‌హీరోల జట్టు దాన్ని ఎదిరిస్తుంది. మొదలుపెట్టినప్పుడు నా దగ్గర ఉన్నది ఇంతే. బొమ్మలు వేయడం చిన్నప్పటి నుంచి అలవాటే కదా అని, మూడు నెలల్లో కామిక్ పూర్తి చేసేస్తానని కనిపించినవాళ్ళందరికీ చెప్పాను. పద్నాలుగు నెలలు పట్టింది. అదీ ఉద్యోగం అయ్యాక రాత్రుళ్ళూ, సెలవు రోజులూ కలిపితే.

మొదట జట్టులో ఆరుగురు ఉండేవాళ్ళు. మెరుపులా పరిగెత్తేవాడు, ఒళ్ళంతా ఉక్కైనవాడు, నిప్పు పుట్టించేవాడు, ఎంత దూరపు చప్పుడైనా వినగలిగే అమ్మాయి, ఎగిరేవాడు, నీళ్ళలో ఊపిరి తీసుకునేవాడు. పదకొండో పేజీకి వచ్చేసరికి యుద్ధమంతా ఈ నీళ్ళవాడే చేస్తున్నాడు. మిగతా ఐదుగురూ ఒడ్డున నిలబడి చోద్యం చూస్తున్నారు. అక్క ఆ పేజీలు చదివి ఒకే మాట అంది: "వీళ్ళంతా ఎందుకురా? వాడొక్కణ్ణీ పంపిస్తే సరిపోయేదిగా?"

ఒళ్ళు మండింది. నాలుగు రోజులు అక్కతో సరిగ్గా మాట్లాడలేదు. ఐదో రోజు పేజీలు చించేశాను.

తర్వాత పాత కామిక్స్ ముందేసుకుని కూర్చున్నాను. డీసీ కామిక్స్ వాళ్ళ సూపర్‌హీరోల జట్టు జస్టిస్ లీగ్ తొలిసారి కనిపించింది 1960లో, 'ది బ్రేవ్ అండ్ ది బోల్డ్' అనే కామిక్ 28వ సంచికలో. వాళ్ళు ఎదుర్కొన్న మొదటి శత్రువూ సముద్రంలోదే. స్టారో అని, ఒంటికన్ను రాకాసి స్టార్‌ఫిష్. అంతరిక్షం నుంచి వచ్చి సముద్రంలో దిగి, మామూలు స్టార్‌ఫిష్‌లను తనలాంటివిగా మార్చుకుంటుంది, మనుషుల మనసుల్ని లొంగదీసుకుంటుంది. ఆ జట్టులో నీటి వీరుడు ఆక్వామ్యాన్ కూడా ఉన్నాడు. అయినా కథ అతని చేతిలో తెమలదు. ఇంటి ముందు గడ్డికి సున్నం చల్లుతున్న ఒక కుర్రాడి మీద మాత్రం స్టారో పాచిక పారదు. కారణం వాడి ఒంటికి అంటుకున్న సున్నమే. చివరికి ఆ సున్నంతోనే దాన్ని కట్టడి చేస్తారు. ఆయిస్టర్లు (తినే ఆల్చిప్పలు) పెంచే చోట స్టార్‌ఫిష్‌ల బెడద వదిలించుకోవడానికి సున్నం చల్లడం నిజంగానే ఉండేది. ఇంతమంది మహాబలవంతులున్నా పని జరిగింది ఆ ప్రాణి గురించిన ఒక చిన్న నిజం వల్ల. నేనేమో నా రాకాసికి కోరలెన్ని పెట్టాలా అని లెక్కేసుకుంటూ కూర్చున్నాను.

నా రాకాసి పెద్ద స్క్విడ్. దానికి కోరలుండవు, చిలకకున్నట్టు వంకర ముక్కు ఉంటుంది. ఆ సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఆక్టోపస్‌కి ఎనిమిది చేతులైతే, స్క్విడ్‌కి ఆ ఎనిమిదికి తోడు వేటకి వాడే పొడవాటివి ఇంకో రెండు. మొత్తం పది. ఈ పది సంఖ్యను పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి బల్ల ఎదురుగా అతికించాను. ఎందుకో చివర్లో చెబుతాను.

నెలన్నర పాటు బొమ్మ వేయకుండా చదవడమే సరిపోయింది. జెయింట్ స్క్విడ్ కన్ను సుమారు 27 సెంటీమీటర్లు, అంటే ఫుట్‌బాల్ కంటే పెద్దది. అంత ప్రాణి సముద్రంలో బతికి ఉండగా ఫోటోకి చిక్కింది 2004లోనే. జపాన్‌కి చెందిన కుబోదెరా, మోరి అనే పరిశోధకులు ఒగాసవారా దీవుల దగ్గర, 900 మీటర్ల లోతున కెమెరా వేలాడదీసి తీశారు. నాకు కథనిచ్చింది మాత్రం 2012 నాటి ప్రయత్నం. వీడియో తీయడానికి దిగిన బృందంలో ఎడిత్ విడ్డర్ అనే శాస్త్రవేత్త ఉన్నారు. తెల్లటి లైట్లు వేస్తే అది బెదిరి పారిపోతుందని, లోతుల్లో బతికే ప్రాణుల కళ్ళకి పెద్దగా ఆనని ఎర్ర వెలుతురు వాడారు. ఎరగా జెల్లీఫిష్‌లా నీలం వెలుగులు మిణుకుమిణుకుమనే ఒక పరికరం పెట్టారు. స్క్విడ్ ఆ నీలం వెలుగు కోసం వచ్చింది.

అది చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. రాకాసి ఎందుకు పైకొస్తుందో, ఎలా వెనక్కి వెళుతుందో రెండూ దొరికాయి. ఒడ్డున కొత్త వంతెన కట్టి దాని నిండా నీలం లైట్లు పెట్టారు. అది వాటి కోసం వస్తోంది. దానికి ఎవరి మీదా పగ లేదు.

ఇక జట్టు సంగతి. నీళ్ళలో ఊపిరి తీసుకునేవాణ్ణి ముందు తీసేశాను. ఎగిరేవాణ్ణి కూడా. ప్రతి ప్యానెల్‌లో, అంటే పేజీలోని ప్రతి బొమ్మగడిలో, రెక్కలు వేయలేక తీసేశానన్నదే నిజం, కథ కోసమని బయట చెప్పుకున్నాను. మిగిలిన నలుగురి శక్తుల్నీ సముద్రం ఏం చేస్తుందో ఒక్కొక్కటిగా రాసుకున్నాను. నీళ్ళు గాలి కంటే ఎనిమిది వందల రెట్లు దట్టం కాబట్టి మెరుపు పరుగు ఒడ్డు దాటి పనికిరాదు. ఉక్కుకి ఈత రాదు, రాయిలా మునిగిపోతాడు. అగ్గికి గాలి లేనిదే మంట లేదు. అందరికంటే విచిత్రం దూరపు చప్పుళ్ళు వినే శ్రుతిది. శబ్దం గాలిలో సెకనుకి 340 మీటర్లు పోతే నీళ్ళలో దాదాపు 1500 మీటర్లు పోతుంది. తల నీళ్ళలో పెడితే ఆమెకి ఎంతో దూరం నుంచి వినిపిస్తుంది. కానీ ఏ వైపు నుంచో తెలియదు. ఒక చెవికి చేరాక రెండో చెవికి చేరడానికి పట్టే ఆ రవ్వంత తేడాతోనే మనం దిక్కు పోల్చుకుంటాం. నీళ్ళలో ఆ తేడా ఇంకా తగ్గిపోయి, అన్ని వైపుల నుంచీ వస్తున్నట్టే ఉంటుంది.

ఇవన్నీ లోపాల జాబితాలా రాసుకున్నవే. మర్నాడు చూస్తే అందులోనే కథ కూర్చుని ఉంది. శ్రుతిని మెరుపు భుజాన వేసుకుని తీరం పొడవునా పరిగెత్తాలి. ఆమె ఆగిన చోటల్లా నీళ్ళలో తల ముంచి, చప్పుడు ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ సన్నగిల్లుతోందో చెబితే రాకాసి జాడ దొరుకుతుంది. మునిగిపోవడం ఉక్కుకి లోపం కాదు, అదే అతని పని. ప్రతి పది మీటర్లకీ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది, వెయ్యి మీటర్ల దగ్గర వందరెట్లు. అక్కడికి నడిచి వెళ్ళగలిగేది అతనొక్కడే. అతని తల మీద అడుగు మందం గాజు గోళం, అందులో అగ్గి. అగ్గి తన మంటను ఎరుపు నుంచి నీలానికి మార్చి ఎరగా మారాలి. గోళంలో గాలి ఎనిమిది నిమిషాలే. ఎంత బాగా వెలిగితే అంత త్వరగా ఊపిరాడదు. ఉక్కు బండ మీద పిడికిలితో కొడితే పైన శ్రుతి వినాలి. స్క్రిప్ట్ తొమ్మిది రోజుల్లో అయిపోయింది.

స్క్రిప్ట్ అయిపోతే సగం పని అయినట్టేనని అంటారు. ఎవరన్నారో గానీ వాళ్ళు బొమ్మలు వేసి ఉండరు.

పద్నాలుగో పేజీ ఒక్కటే మూడు వారాలు తినేసింది. రాకాసి మొదటిసారి నీళ్ళ మీదికి లేచే పేజీ అది. పేజీ అంతా ఒకే బొమ్మ. చేతులు ఆకాశంలోకి లేచి, నీళ్ళు కారుతూ, ఒక చేతిలో పడవ. గర్వంగా అక్కకి చూపించాను. "టబ్బులో రబ్బరు బొమ్మలా ఉందిరా" అంది. ఇంకా పెద్దది చేశాను, అంచుల దాకా నింపాను. మరీ చిన్నదైపోయింది! పడవను గోరంత చేశాను. అయినా అదే రబ్బరు బొమ్మ.

తప్పు రాకాసిలో లేదు, నీళ్ళలో ఉంది. పాత సినిమాల్లో చిన్న నమూనా ఓడలతో తుఫాను తీసేటప్పుడు ఇదే చిక్కు వచ్చేదట. ఓడను ఎంత చిన్నదిగా చేసినా నీటి బొట్టు చిన్నది కాదు. దాని పరిమాణం నీటి గుణాన్ని బట్టి ఉంటుంది గానీ ఓడను బట్టి కాదు. అందుకే కెమెరాలో ఫిల్మ్‌ను మామూలు కంటే వేగంగా తిప్పి తీసి, తెర మీద నీళ్ళు బరువుగా, నిదానంగా కదిలేలా చూపించేవాళ్ళు. అది తెలిశాక నా బొమ్మ దగ్గరికి తీసుకుని చూశాను. రాకాసి చేతి నుంచి జారుతున్న ఒక్కొక్క బొట్టూ పక్కనున్న పడవ కిటికీ కంటే పెద్దది. అంత లావు బొట్లు కారుతుంటే చూసే కంటికి ఆ చెయ్యి ఓ మూరెడే అనిపిస్తుంది మరి.

బొట్లన్నీ చెరిపేశాను. అంత ఎత్తు నుంచి పడే నీళ్ళు కింది దాకా ధారగా ఉండవు, జలపాతంలాగా మధ్యలోనే చిట్లి తుంపరైపోతాయి. పాత టూత్‌బ్రష్‌ని తెల్ల ఇంకులో ముంచి, బొటనవేలితో కుచ్చుని వెనక్కి లాగి వదిలాను. సన్నటి చుక్కలు మంచులా పడ్డాయి, పేజీ మీదా, బల్ల మీదా, కళ్ళద్దాల మీదా. దానితో పాటు రాకాసి ఒంట్లో ముప్పాతిక వంతు కూడా తీసేశాను. ఆ పేజీలో ఇప్పుడున్నది తుంపర వెనక ఒక కన్ను, ముందు చిన్న పడవ, పడవలో వంగి తాడు ముడి వేసుకుంటున్న మనిషి. అతను ఇంకా వెనక్కి చూడలేదు. అక్క ఈసారి ఏమీ అనలేదు, పేజీ కూడా తిప్పలేదు.

ఇంకింగ్, అంటే పెన్సిల్ గీతల మీద ఇంకు దిద్దడం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మెడ నొప్పి, అంతే.

లెటరింగ్, అంటే బొమ్మల్లో మాటలు రాయడం మాత్రం వేరే యుద్ధం. పుస్తకాల్లో, వీడియోల్లో దొరికే పాఠాలన్నీ ఇంగ్లీషు పెద్దబడి అక్షరాల కోసం చెప్పినవి. వాటికి ఎత్తంతా ఒకటే. మన 'స్త్రీ' గుడిదీర్ఘం పైకి పోతుంది, వత్తులు కిందికి దిగుతాయి, కింది వరుసలో ఉన్న గుడిదీర్ఘం వచ్చి వాటికి తగులుకుంటుంది. వరుసల మధ్య జాగా పెంచితే మాటలుండే బెలూన్ పెద్దదై హీరో ముఖం కప్పేస్తుంది. ఐదారు పేజీలు పాడయ్యాక పద్ధతి మార్చాను. ముందు మాటలు పేర్చి, వాటి చుట్టూ బెలూన్ గీసి, మిగిలిన జాగాలో బొమ్మ. మాటలు కూడా వాటంతటవే తగ్గాయి. "నువ్వు అక్కడికి వెళ్ళడం ప్రమాదకరం" అన్నది "వద్దు" అయింది.

చప్పుళ్ళ విషయంలో తెలుగు నన్ను కాపాడింది. వంతెన విరిగితే ఫెళఫెళ, ఉక్కు నీళ్ళలో దూకితే గుభేలు, నీళ్ళు ముఖాన కొడితే ఛళ్ళున, మునిగితే బుడుంగు. ఏ మాటా పుట్టించనక్కర్లేదు. రాకాసి అరుపు దగ్గరే ఇరుక్కున్నాను. లోతు నుంచి వచ్చే చప్పుడు కదా అని "ఊఁ" అని పేజీ అడ్డంగా పెద్దగా రాశాను. అక్క పడీపడీ నవ్వింది. "శ్రుతి కథ చెబుతుంటే అది ఊఁ కొడుతున్నట్టుందిరా!" ఆ ఊఁని చెరిపి, అరుపుకి అక్షరాలే లేకుండా చేశాను. నీళ్ళలో శ్రుతి ముఖం, ఆమె చుట్టూ ఉన్న బుడగలన్నీ ఒక్కసారిగా ఒకే వైపు వంగిపోవడం. అంతే.

పేజీలు 27 వచ్చాయి. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పున పెరగాలి, కాబట్టి 24 గానీ 28 గానీ. మూడు పేజీలు కోసేశాను. కోసినందుకు ఇప్పటికీ బాధ లేదు.

ప్రింటు మొదటి కాపీ చూసినప్పుడు మాత్రం కాళ్ళ కింద నేల కదిలింది. కథంతా ఏ నీలం మంట మీద నిలబడిందో, ఆ మంట వంకాయ రంగులో వచ్చింది. స్క్రీన్ మీద మెరిసే నీలం వెలుగుతో తయారవుతుంది, కాగితం మీద ఇంకులతో కలిపిన నీలం అంత మెరవలేదు. పైగా ప్రింటు ఇంకుల్లో సయాన్‌లో (ఆకాశనీలం) మజెంటా (ముదురు గులాబీ) ఎక్కువైతే ఊదాకి తిరిగిపోతుంది. ప్రెస్ వాళ్ళని నోటికొచ్చినట్టు అందామనుకున్నాను, తప్పు నాదేనని తెలిసి ఊరుకున్నాను. మజెంటా బాగా తగ్గించాను. మంట చుట్టూ ఉన్న పేజీలన్నిటిలోనూ నీలం ఛాయ తీసేసి నలుపూ బూడిదా మాత్రమే ఉంచాను. నిజానికి రంగు అంత మెరవకపోయినా, మరెక్కడా నీలం లేదు కాబట్టి ఆ ఒక్క మంటా కంటికి కొట్టొచ్చినట్టు కనిపించింది.

పుస్తకం బయటికొచ్చిన రెండో వారంలో తొమ్మిదేళ్ళ పిల్లాడు ఒకడు నా దగ్గరికి వచ్చి పదిహేడో పేజీ తెరిచి వేలు పెట్టి చూపించాడు. "అంకుల్, తొమ్మిదే ఉన్నాయి. పదో చెయ్యి ఏది?" బల్ల ఎదురుగా అతికించిన కాగితం గుర్తొచ్చింది. లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను. నీళ్ళలో ఉందిరా, కనపడదు అన్నాను. వాడు పేజీ వైపు, నా వైపు మార్చి మార్చి చూసి, "నీళ్ళు పారదర్శకంగా వేశారుగా" అన్నాడు.