బొట్టు లేని నుదురు, తెల్లని యేసు పటం

మా తెలుగు క్రైస్తవ సంఘంలో ఆదివారం ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర ఆడపిల్లల గురించి వినిపించే మాటలు రెండు రకాలు. ఒకటి, "పాప చెవులకి అంత పెద్ద రింగులెందుకమ్మా, ప్రార్థనప్పుడు తలమీద చున్నీ వేసుకోమని చెప్పకూడదూ?" రెండోది, "ఈ సమ్మర్‌లో కలర్ బాగా తగ్గింది, ఆ స్విమ్మింగ్ మాన్పించు." రెండూ ఒకే నోటి నుంచి, బిర్యానీ తింటూ తింటూ, చాలా ప్రేమగా వస్తాయి. న్యూజెర్సీలో పుట్టిన మా పదకొండేళ్ల అమ్మాయికి మాత్రం వాటి మధ్య తేడా తెలీదు, తనలో ఏదో బాగాలేదని పెద్దవాళ్లు అంటున్నారని మాత్రమే తెలుసు. నా మటుకు నాకు ఇవి పూర్తిగా వేరు వేరు విషయాలు. మొదటిదాని వెనక చరిత్ర ఉంది, దానితో వాదించొచ్చు, ఒప్పుకోవచ్చు, కాదనొచ్చు. రెండోదాని వెనక ఏమీ లేదు, దాన్ని మా ఇంట్లోకి రానివ్వను.

ముందు మొదటిది, అంటే ఒంటి మీది అలంకారాల సంగతి, అందులోనూ మా ఇళ్లలో పెట్టుకోని బొట్టు సంగతి. స్కూల్లో దీపావళికి అందరూ పరికిణీలు వేసుకెళ్లినప్పుడు, తోటి తెలుగు పిల్లలు "నీకు బొట్టేది?" అని అడుగుతారు, అమెరికన్ పిల్లలేమో "ఇండియన్లంటే హిందువులే కదా, మీరెప్పుడు మారారు?" అంటారు. పిల్ల ఇంటికొచ్చి ఇద్దరికీ కలిపి నన్ను అడుగుతుంది. ఒంగోలు నుంచి వీడియో కాల్‌లో వాళ్ల నాయనమ్మ "అది పాపం తల్లీ" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అత్తయ్య ఎదురుగా నేను ఏమీ అనను గానీ, ఫోన్ పెట్టేశాక పాపకీ నాకూ మాటలు చాలాసేపు సాగుతాయి.

నేను తనకి చెప్పింది ఇది. నాయనమ్మ వాళ్లది ఒంగోలు బాప్టిస్టుల కుటుంబం. 1876-78 కరువులో అక్కడి జనం ఆకలితో చచ్చిపోతుంటే జాన్ క్లౌ అనే అమెరికన్ మిషనరీ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వాళ్లకి కూలి దొరికేలా చేశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చాలామంది మాదిగలు. ఎవరు ఏ బట్ట కట్టాలో, ఎవరు ఎక్కడ నిలబడాలో కులం చెప్పే రోజులవి. అటు కేరళ వైపు తిరువాన్కూరు సంస్థానంలో క్రైస్తవులైన నాడార్ స్త్రీలు పైబట్ట వేసుకున్నందుకు దాడులు జరిగి, చివరికి 1859లో రాజుగారి ప్రకటన వస్తే గానీ వాళ్లకి ఒళ్లు కప్పుకునే హక్కు దొరకలేదు. అలాంటి కాలంలో ఒక మనిషి తన ఒంటి మీద ఏది ఉంచుకోవాలో, ఏది తీసేయాలో తనే నిర్ణయించుకోవడం చిన్న విషయం కాదు. ఖాళీ నుదురుతో ఊళ్లోకి నడిచి రావడమంటే "నేనిప్పుడు మీ లెక్కలో లేను" అని చెప్పడం కూడా అని నా నమ్మకం. అందుకే నాయనమ్మ నుదుటిని చూసి నవ్వకూడదు అన్నాను. అది పాపం కోసం మాత్రమే ఖాళీగా లేదు.

అయితే ఇందులో ఒకే పద్ధతంటూ లేదు, అదీ చెప్పాలి. మా అమ్మ పెళ్లయ్యాక పెంతెకొస్తు సంఘంలో చేరి కమ్మలు కూడా తీసేసింది, గుంటూరులో మా లూథరన్ చుట్టాలు మెడనిండా బంగారం వేసుకుని ముందు వరసలో కూర్చుంటారు, కొన్ని పెళ్లిళ్లలో సిలువ గుర్తున్న తాళి కడతారు, కొన్నిట్లో ఉంగరాలతో సరి. విజయవాడ గుణదల కొండ మీది మరియమ్మ గుడికి, తమిళనాడులో వేళాంకణికి బొట్టుతో వచ్చే ఆడవాళ్లకి లెక్కే ఉండదు, వేళాంకణి మరియమ్మకైతే ఏకంగా చీర కడతారు. కమ్మలు వద్దనే వాళ్లు ఎత్తి చూపేది బైబిల్లో మొదటి పేతురు పత్రిక మూడో అధ్యాయం: జడలు అల్లుకొనుట, బంగారునగలు పెట్టుకొనుట, వస్త్రములు ధరించుకొనుట అనే వెలుపటి అలంకారం వద్దని. సరే, బంగారం మానేస్తారు, కానీ జడలు మానరు, అదే వాక్యంలో ఉన్న వస్త్రాల దగ్గరికొచ్చేసరికి కంచిపట్టు మీద ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఈ సంగతి నేను భోజనాల దగ్గర ఒకసారి అంటే సిస్టర్స్ అందరూ నవ్వారు, కానీ ఆ తర్వాత రింగుల గురించి మాట కాస్త తగ్గింది.

చివరికి మా ఇంట్లో కుదిరింది ఏంటంటే, కమ్మలు నా ఇష్టం, బొట్టు పిల్ల ఇష్టం. కూచిపూడి నేర్చుకుంటోంది కాబట్టి స్టేజి మీద డ్రెస్‌తో పాటు పెట్టుకుంటానంది, స్కూలుకి వద్దంది. ఆ ఫొటోలు అత్తయ్యకి పంపాలా వద్దా అని మా ఆయనకి ఒక వారం టెన్షన్. పంపారు. అత్తయ్య రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు "డాన్స్ బానే చేసిందా?" అని అడిగారు.

ఇక రంగు. దీని మీద నాకు అంత ఓపిక లేదు.

అత్తయ్య వాళ్ల హాల్లో, మా అమ్మ వాళ్ల హాల్లో, తెలుగు క్రైస్తవుల ఇళ్లలో సగానికి సగం, కేలండర్ల మీద, బైబిలు మధ్యలో పెట్టుకునే కార్డుల మీద ఉండే యేసు పటాల్లో ఒకటి అందరికీ తెలుసు: గోధుమరంగు జుట్టు భుజాల మీదికి, తెల్లని మొహం, పక్కకి చూసే చూపు. దాన్ని 1940లో వార్నర్ సాల్‌మన్ అనే షికాగో చిత్రకారుడు వేశాడు, వ్యాపార ప్రకటనలకి బొమ్మలు వేసే మనిషి. 50 కోట్లకి పైగా కాపీలు అచ్చయ్యాయి, రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ సైనికుల జేబుల్లోకి కూడా వెళ్లింది. మా ఊళ్లలోకి వచ్చేసరికి అదే దేవుడి అసలు ఫొటో అయిపోయింది. పిల్లకి ఈ సంగతి చెబితే "అంటే నాయనమ్మ ఇంట్లో ఉన్నది షికాగో యేసా?" అంది. ఔననే అనుకోవాలి.

యేల్ యూనివర్సిటీ మ్యూజియం మాకు కార్లో వెళ్లిరాగల దూరమే. అక్కడ సిరియాలోని దూరా యూరోపస్ అనే ఊళ్లో దొరికిన మూడో శతాబ్దపు ప్రార్థన ఇంటి గోడ చిత్రాలున్నాయి, యేసుని చూపించే అత్యంత పాత బొమ్మల్లో అదొకటి. పక్షవాతం ఉన్నవాడు బాగై మంచం ఎత్తుకుని పోతుంటాడు, పైన యేసు. గడ్డం లేదు, పొట్టి జుట్టు, మొహం సరిగా కనపడదు. "ఈయన ఎవరైనా కావచ్చు" అంది పిల్ల. నాకు బైబిల్లో యెషయా ప్రవక్త మాట గుర్తొచ్చింది, "అతనికి సురూపమైనను సొగసైనను లేదు" అని. క్రైస్తవులు రెండు వేల ఏళ్లుగా ఈ వాక్యం ఆయన గురించే అని చదువుకుంటూ, గోడ మీద మాత్రం హీరోలాంటి మొహాన్ని పెట్టుకున్నారు. గోవాకి చెందిన ఆంజెలో ద ఫోన్సెకా మరియమ్మకి చీర కట్టి మన ఆడవాళ్లలా గీస్తే అప్పట్లో సొంతవాళ్లే ఆయన మీద మండిపడ్డారు. నేను అవీ చూపించాను.

ఇది ఉట్టి బొమ్మల గొడవైతే వదిలేసేదాన్ని. మన క్రైస్తవ పెళ్లి సంబంధాల ప్రకటనలు చూడండి, "రక్షణ పొంది, బాప్తిస్మం తీసుకున్న, దైవభయం గల, తెల్లగా ఉండే అమ్మాయి కావలెను" అని ఒకే వరసలో రాస్తారు, తెలుపు కూడా ఏదో ఆత్మీయ వరం అన్నట్టు. అమెరికాలో ఇరవై ఏళ్లున్నవాళ్లు, రంగు వల్ల ఆఫీసులో తమకి జరిగింది కథలు కథలుగా చెప్పేవాళ్లు, ఆదివారం మా పిల్ల చెయ్యి పట్టుకుని కలర్ తగ్గిందంటారు. ఒకావిడ మళ్లీ అన్నప్పుడు నేను పరమగీతము మొదటి అధ్యాయం చెప్పాను: "నల్లనిదాననని నన్ను చిన్న చూపులు చూడకుడి. నేను ఎండ తగిలినదానను." ఆవిడకి కోపం వచ్చింది. పిల్లకి మాత్రం బైబిల్లో ట్యాన్ గురించి ఉందంటే భలే నచ్చింది, స్విమ్ టీమ్‌లో స్నేహితులకి ఇంగ్లిష్‌లో చదివి వినిపించింది.

క్రిస్మస్ నాటకం పాత్రలు పంచేటప్పుడు మరియ వేషం ఎప్పుడూ తెల్లగా ఉన్న పిల్లకే, దేవదూతలూ అంతే, మిగిలినవాళ్లు గొర్రెల కాపరులు. ఈసారి నేను గట్టిగానే అడిగాను, పెత్తనం చేసే అక్కయ్య ముందు నొచ్చుకుని తర్వాత "సరే, మీ పాపకే ఇద్దాం" అన్నారు. ఇంటికెళ్లి గొప్పగా చెబితే పిల్ల మొహం చిట్లించింది. "మరియ వద్దమ్మా, గంటసేపు కదలకుండా బొమ్మని ఎత్తుకుని కూర్చోవాలి. నేను హేరోదు రాజు వేషం వేస్తా, అరవొచ్చు." అక్కయ్యకి ఫోన్ చేసి చెప్పాను, చాలాసేపు నవ్వారు. ఇప్పుడు హేరోదుకి గడ్డం కావాలట, ఆన్‌లైన్‌లో దొరికేవన్నీ తెల్లగడ్డాలే, శాంతాక్లాజువి.