మాంట్రియల్‌లో మసితో అమ్మమ్మ ముఖం

టొరంటో నుంచి మాంట్రియల్‌కి రైల్లో అయిదు గంటల పైనే. అక్టోబరు కదా, దారంతా మేపుల్ చెట్లు ఎర్రగా ఉన్నాయి, నా ధ్యాస మాత్రం బ్యాగులో పెట్టుకున్న అమ్మమ్మ పాస్‌పోర్ట్ సైజు ఫోటో మీదే.

పొగతో బొమ్మలు వేయడాన్ని ఫ్యూమాజ్ అంటారు. 1930ల్లో వోల్ఫ్‌గాంగ్ పాలెన్ అనే సర్రియలిస్టు చిత్రకారుడు దీన్ని మొదలుపెట్టాడు. క్యూబెక్‌కి చెందిన స్టీవెన్ స్పాజుక్ 2001 నుంచి మసితో మనుషుల ముఖాలు వేస్తున్నాడు. ఆయన వీడియోలు చూసీ చూసీ ఉండబట్టలేక, మాంట్రియల్‌లో ఇది నేర్పే ఒకావిడ దగ్గర ఒక్కరోజు క్లాసుకి పేరు రాయించుకున్నాను.

ఆవిడ స్టూడియో ప్లాటోలో. ఆ పేటలో చాలా ఇళ్ళకి మెట్లు బయటే ఉంటాయి, మెలికలు తిరిగిన ఇనప మెట్లు. లోపల మందపాటి కాగితాన్ని తలపైన బోర్లా బిగించి, కింది నుంచి కొవ్వొత్తి మంట కొసని తాకించాలి. కాగితం తగిలి మంట చల్లబడితే, పూర్తిగా కాలని కార్బన్ మసిగా అంటుకుంటుంది. చెయ్యి ఆగకూడదు. నేను ఒక్క క్షణం ఆగి ఫోటో వైపు చూశాను, అంతే, నుదురు దగ్గర కాగితం గోధుమరంగుకి తిరిగి అంటుకుంది. రెండోదానికి మోచెయ్యి రాసుకుని చెంప మొత్తం పోయింది. నిజంగా ఏడుపొచ్చింది.

ఇందులో గీయడం తక్కువ, పట్టించిన మసిని తీయడమే ఎక్కువ. చెంప మీద వెలుగు కోసం పక్షి ఈకతో, నెరిసిన వెంట్రుకల కోసం సూదితో. ఆ మసి ఎంత తేలికంటే ఈక తగిలీ తగలకుండానే లేచిపోతుంది, ఊపిరి కూడా పక్కకి తిరిగి వదలాలి. మూడో కాగితం మీద కళ్ళ చుట్టూ మాత్రం నేనేమీ తుడవలేదు. అమ్మమ్మ రాత్రిపూట ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి, పొద్దున్నే ఆ మసి గీకి వెన్నలో కలిపి మా అందరికీ కాటుక పెట్టేది, తనూ పెట్టుకునేది. ఆ కాటుకా ఈ మసీ ఒకటేనని మెడ నొప్పితో అక్కడ నిలబడ్డప్పుడే తట్టింది నాకు. ఇన్ని వీడియోలు చూశాను, ఒక్కసారీ గుర్తు రాలేదు.

చివర్లో వార్నిష్‌ని దూరం నుంచి పలచగా స్ప్రే చేయాలి, దగ్గరగా కొడితే ఆ గాలికే మసి చెదిరిపోతుంది. నా చేతులు వణుకుతుంటే ఆ పని ఆవిడే చేసిపెట్టారు.

తిరుగు రైలు కోసం స్టేషన్లో కూర్చుని అమ్మకి వీడియో కాల్ చేశాను. అక్కడ ఇంకా తెల్లారలేదు. బొమ్మ చూసి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "కళ్ళు అమ్మవేనే. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఏదీ?" అంది.

ఫోటో బయటికి తీశాను. ఉంది, చిన్నది. నేను ఈకతో వెలుగు తీసిన చోటే.