రాత్రి ఉండేవాళ్లకే వెనిస్

వెనిస్‌కి హనీమూన్‌కి వెళ్లే జంట అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది బస. సముద్రానికి ఇవతల నేల మీదున్న మెస్త్రేలో హోటళ్లు చవక, రైలెక్కితే పది పన్నెండు నిమిషాల్లో పాత ఊళ్లోని శాంటా లుచియా స్టేషన్‌లో దిగొచ్చు. అయినా మేం మిగతా ఖర్చులు తగ్గించుకుని పాత ఊళ్లోనే గది తీసుకున్నాం. పగలంతా రియాల్టో వంతెన నుంచి శాన్ మార్కో చౌరస్తా దాకా సందుల్లో ఒకరినొకరు తోసుకుంటూ నడవాలి. ఒక్కపూట చూసిపోయే జనం సాయంత్రం రైళ్లెక్కాక అవే సందుల్లో మన అడుగుల చప్పుడు మనకే వినపడుతుంది. తెల్లవారాక కాసేపటి దాకా ఊరి మధ్యగా పోయే పెద్ద కాలువ (గ్రాండ్ కెనాల్) మీద తిరిగేవి ఎక్కువగా సరుకుల పడవలే. మెస్త్రేలో ఉంటే ఈ రెండు పూటలూ చాలామటుకు దారిలోనే పోతాయి.

గది ఎంచుకునేటప్పుడు ఫోటోలకంటే మ్యాప్ చూడండి. ఊళ్లో నాలుగు వందలకు పైగా వంతెనలు, అన్నీ దాదాపు మెట్లే. కొత్త బట్టలతో నింపిన పెద్ద సూట్‌కేసులు ఒక్కో వంతెన దగ్గర చేత్తో ఎత్తాల్సిందే. వాటర్ బస్సు రేవు నుంచి హోటల్ దాకా మధ్యలో వంతెనలు ఎన్నో లెక్కపెట్టి, ఒకటి మించకుండా చూసుకోవాలి. ఇక్కడ ఇంటి నంబర్లు వీధి ప్రకారం ఉండవు. ఊరి ఆరు పేటల్లో ఒక్కో పేట మొత్తానికి ఒకే వరస నంబర్లు, వేలల్లోకి పోతాయి. సన్నటి సందుల్లో ఫోన్‌లోని మ్యాప్ కూడా తడబడుతుంది. అందుకే రేవు పేరు, దగ్గరి వంతెన పేరు హోటల్ వాళ్లనడిగి రాసుకోవాలి.

2024 నుంచి కొన్ని ఎంపిక చేసిన రోజుల్లో పగటిపూట వచ్చేవాళ్లకి ప్రవేశ రుసుము పెట్టారు. రాత్రి బస చేసేవాళ్లకి అది లేదు. కానీ ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుని, మినహాయింపు క్యూఆర్ కోడ్ దగ్గర పెట్టుకోవాలి. ఆ పని ఇంటి దగ్గరే చేసుకుంటే మంచిది.

వాటర్ బస్సుని ఇక్కడ వాపొరెట్టో అంటారు. ఒక్క టికెట్ 9.50 యూరోలు, 75 నిమిషాలు పనిచేస్తుంది. 72 గంటల పాస్ 45 యూరోలు, అంటే ఐదుసార్లు ఎక్కితే పాస్ డబ్బులు వచ్చేసినట్టే. గంటలు కొన్నప్పటి నుంచి కాదు, రేవులోని మెషీన్‌కి పాస్ మొదటిసారి ఆనించినప్పటి నుంచి లెక్క. పాస్ ఉన్నా ఎక్కిన ప్రతిసారీ ఆనించాలి, మరిచిపోతే జరిమానా. ఒకటో నంబరు వాపొరెట్టో పెద్ద కాలువ పొడవునా దాదాపు ప్రతి రేవులో ఆగుతుంది. దాన్ని స్టేషన్ దగ్గర కాకుండా, దానికి ముందు రేవు, బస్సులు ఆగే పియాజాలే రోమాలో చీకటిపడే వేళ ఎక్కండి. బయటి సీట్లు దొరికే అవకాశం అక్కడే ఎక్కువ. పాత మేడలన్నీ ముఖం నీటివైపు పెట్టి కట్టినవి, దీపాలు వెలిగాక పైకప్పుల దూలాలు కూడా కనపడతాయి. నా మటుకు వెనిస్‌లో ఇంతకంటే మంచి నలభై నిమిషాలు లేవు.

తెడ్డుతో నడిపే పొడవాటి పడవ గొండోలా ఎక్కకుండా కొత్త జంట తిరిగి రాదు కాబట్టి లెక్క చెప్తాను. నగరం నిర్ణయించిన ధర పగలు అరగంటకి 90 యూరోలు, రాత్రి ఏడు దాటాక 110. ఈ ధర మనిషికి కాదు, పడవకి. ఐదుగురి దాకా ఎక్కొచ్చు. పాట, సంగీతం కావాలంటే వేరే డబ్బు. ఎక్కేముందే ఎన్ని నిమిషాలు, ఏ కాలువలు అని అడగాలి. పెద్ద కాలువలో మోటారు పడవల అలలకి కుదుపు ఎక్కువ, లోపలి చిన్న కాలువలు కావాలని చెప్పండి. కూర్చున్నాక పడవని గమనించండి. సుమారు 11 మీటర్ల పొడవు, ఎడమవైపు కుడివైపు కంటే 24 సెంటీమీటర్లు వెడల్పు. నడిపేవాడు వెనక ఎడమన నిలబడి కుడివైపు ఒకే తెడ్డు వేస్తాడు. రెండు వైపులా సమానంగా ఉంటే పడవ గుండ్రంగా తిరిగిపోతుంది. తెడ్డు ఆనించే వంకర కొయ్యని వాల్‌నట్ చెక్కతో చెక్కుతారు. తెడ్డు దాని ఏ మలుపులో ఆనిందన్నదాన్ని బట్టి పడవ ముందుకో వెనక్కో కదులుతుంది. అంత డబ్బు వద్దనుకుంటే శాంటా సోఫియా దగ్గర పెద్ద కాలువ దాటించే రేవు పడవ ఉంది. అదీ గొండోలానే, మనిషికి 2 యూరోలు. రెండు నిమిషాల్లో అవతల చేపల మార్కెట్ దగ్గర దిగుతాం.

శాన్ మార్కో బసిలికా అనే పెద్ద చర్చిలో భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. చీరైతే కొంగు, చుడీదారైతే చున్నీ భుజాల మీదుగా కప్పుకుంటే చాలు. పెద్ద బ్యాగులు లోపలికి రానివ్వరు. పక్కనున్న గంటగోపురం 1902లో కూలితే 1912లో మళ్లీ అలాగే నిలబెట్టారు, పైకి లిఫ్టుంది. చౌరస్తాలో పావురాలకి గింజలు వేయడం 2008 నుంచి నిషేధం. సినిమా పాటలాంటి ఫోటో కోసం చేయి చాపితే జరిమానా పడుతుంది. మెట్ల మీద కూర్చుని తిన్నా అంతే. ‘నిట్టూర్పుల వంతెన’ కింద ముద్దు పెట్టుకుంటే ప్రేమ నిలుస్తుందంటారు. అది నిజానికి డ్యూక్ భవనం నుంచి ఖైదీలను జైలుకి నడిపించిన దారి. భవనం టికెట్‌తో లోపలి నుంచి దాటొచ్చు, ఆ రాతి కిటికీల కంతల్లోంచి నీళ్లు చూసి తీరాలి.

భోజనంలో రెండు చోట్ల బిల్లు పెరుగుతుంది. కూర్చున్నందుకు మనిషికింత అని ‘కోపెర్తో’ వేస్తారు, మెనూలోనే రాసి ఉంటుంది. చేప ధర పక్కన ‘ఎత్తో’ అని ఉంటే అది 100 గ్రాముల ధర, మొత్తం చేపది కాదు. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే చవక. చీజ్ కూడా వద్దనుకునే శాకాహారులు పిజ్జా మారినారా అడగొచ్చు, అందులో చీజ్ ఉండదు.

గాజు పనికి పేరున్న మురానో దీవికి ఉచితంగా పడవ ఇస్తామని హోటల్లో ఎవరైనా అంటే వద్దనండి, అది గాజు షోరూమ్‌లో దింపి కొనమని ఒత్తిడి పెడుతుంది. ఫొండమెంతే నోవే రేవు నుంచి మీ పాస్‌తోనే వెళ్లొచ్చు. బురానో దీవికి కూడా అక్కడి నుంచే, 12 నంబరు పడవలో దాదాపు నలభై నిమిషాలు.

తిరుగు ప్రయాణంలో మామూలు పాస్ ఎయిర్‌పోర్టుకి పనికిరాదు. బస్సుకైనా, పడవకైనా టికెట్ వేరే కొనాలి. సామాను ఎక్కువుంటే పియాజాలే రోమా దాకా వాపొరెట్టోలో వచ్చి, అక్కడ బస్సెక్కడమే సుఖం.